ఆ మర్నాడు

"బోర్డు మీద రాసుండాది చూడప్పా. బేసి తేదీల్లో సూది. సరి తేదీల్లో లేదు" అంది అంజనమ్మ విసుగ్గా.

చిక్కబళ్ళాపురం ధర్మాస్పత్రిలో నర్సుగా చేరి ఆమెకింకా వారం కాలేదు. డాక్టరు రామకృష్ణప్ప బాగేపల్లి క్యాంపుకు పోయాడు. వార్డంతా ఆమె నెత్తినే ఉంది.

అందులోనూ ముసలి కెంపమ్మకు గుండె మందు! రోజు విడిచి రోజు వెయ్యాలి. ఎక్కువైతే ప్రాణానికే ముప్పు. సూది పట్టుకునే ముందు అంజనమ్మ బోర్డు రెండు సార్లు చూసుకుంటోంది.

ఎవరో తెలియని ఈ మనిషి పొద్దున్నే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. మాసిన పంచె. పెరిగిన గడ్డం.

"ఈ పొద్దు ఆగస్టు ఇరవై తొమ్మిది అనుకోమ్మా. ఏం చేస్తావు?"

"ఈ పొద్దు ఇరవై ఎనిమిది గదప్పా!"

"ఊరికే అనుకో."

"సూది వేస్తా."

"ముప్పై అనుకో."

"వెయ్యను."

"ముప్పై ఒకటి?"

"వేస్తా."

"ఆ మర్నాడు?"

అంజనమ్మకు ఓపిక నశించింది.

"ఈ పొద్దు గడిస్తే చాలని నేను చస్తాండాను. రాని దినాల గొడవ నాకెందుకప్పా? గోవిందప్పా, ఈయప్పను బయటికి పంపించు!"

కావలి గోవిందప్ప రెక్క పట్టుకుని గేటు దాటించాడు.

"ఆ మర్నాడు ఏం చేస్తావో చూసుకో తల్లీ!" గేటవతల నుంచి కేకేశాడా మనిషి.

ఒకటో తేదీ వచ్చింది. బేసి తేదీ. అంజనమ్మ సూదిలోకి మందెక్కించి కెంపమ్మ చెయ్యి పట్టుకుంది.

"నిన్ననే గదమ్మా పొడిచినావు. మళ్ళానా?" అంది కెంపమ్మ నీరసంగా.

అంజనమ్మ చెయ్యి ఆగిపోయింది.

నిన్న ముప్పై ఒకటి. ఈ రోజు ఒకటి. రెండూ బేసే!

సూది పక్కన పడేసి, గోడకానుకుని కూలబడింది.

మధ్యాహ్నం డాక్టరు రాగానే జరిగిందంతా చెప్పింది.

"ఆయప్ప యాడుంటాడో తెలుసా సార్? కాళ్ళు పట్టుకోవల్ల. గుక్కెడు నీళ్ళన్నా ఇయ్యకుండా గెంటించినాను."

"కుడి కంటి కింద నల్లమచ్చ ఉండాదా?"

"ఉండాది సార్."

రామకృష్ణప్ప కుర్చీలో కూలబడ్డాడు.

"చింతామణిలో ఆయన మట్టికి పోయే ఇప్పుడు వస్తాండాను. నిన్న బస్టాండులో పడి ప్రాణం వదిలినాడంట."

అంజనమ్మ గేటు వైపు చూసింది.

"పోయిన నెల ఒకటో తేదీ, ఇదే గుండె సూది వేసిన గంటకే ఆయన భార్య పోయింది. ఆ దుఃఖంలో మతి చెదిరి ఊళ్ళు తిరుగుతాండాడని అందరం అనుకున్నాం" అన్నాడు రామకృష్ణప్ప. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మన ధర్మాస్పత్రులన్నిటికీ ఆ సూది రూలు రాసిచ్చిన పెద్ద డాక్టరు ఆయనేనమ్మా."