అరవై చేపల బుట్ట

"అరవై అన్నావు. ముప్పై ఎనిమిదే ఉన్నాయి," అన్నాడు మత్స్యశాస్త్రవేత్త డాక్టర్ విశ్వంభరన్, ప్రయోగశాల బల్ల మీది మత్తి చేపలను పట్టకారుతో నెడుతూ. "వారం వారం ఇదే దొంగతనం."

చేపలమ్మే ట్రీసకు ఒళ్లు మండింది. నలభై ఏళ్లుగా కేరళలోని ఈ చెల్లానం తీరంలో ఆమె లెక్కకు ఇంకెవరూ వంక పెట్టలేదు.

"వేళాంగణ్ణి మాత మీద ఒట్టు సారూ. పొద్దున రేవులో మీ కళ్లెదుటే లెక్కపెట్టి మీ బుట్టలో పోశాను."

"నీ ఒట్టు తీసి గట్టున పెట్టు. రేవు నుంచి ఇంటికెళ్లి, స్నానం చేసి, ఇంత బియ్యప్పిండి పుట్టు తిని తిన్నగా ఇక్కడికొచ్చాను. దారిలో చేపలు ఎగిరిపోయాయా?"

ట్రీస వచ్చింది ఈ తగువుకు కాదు. వానాకాలపు వేట నిషేధం నాలుగు రోజుల్లో ముగుస్తుంది. అంతవరకు చిన్న పడవలదే సముద్రం. ఆ తరువాత పెద్ద మరబోట్లను వదలాలా, ఇంకో మూడు వారాలు ఆపాలా అన్నది విశ్వంభరన్ ఇవాళ పంపే నివేదిక మీదే ఆధారపడి ఉంది.

"చేపలింకా గుడ్లు పెట్టలేదు సారూ. కడుపులు పట్టుకుంటే పగిలేలా ఉన్నాయి. ఇప్పుడు మరబోట్లొచ్చి ఊడ్చుకుపోతే, వచ్చే ఏడు మా పొయ్యిల్లో పిల్లి లేవదు."

విశ్వంభరన్ నవ్వాడు. చదువు రానివాళ్ల కోసం ఆయన దాచుకున్న నవ్వది. పెదవి ఒక పక్కకే సాగుతుంది. ఓ ఆడ చేప పొట్ట కత్తిరించి ఆమె ముఖం ముందు పెట్టాడు. అండాశయం ఖాళీ సంచిలా వేలాడుతోంది.

"కళ్లుంటే చూడు. గుడ్లు పెట్టడం ఎప్పుడో అయిపోయింది. ఆరు వారాలుగా నీ చేపలే కోస్తున్నాను. గుడ్లున్న చేప ఒక్కటంటే ఒక్కటి లేదు. పాతికేళ్లు ఇదే చదివినవాడికి నువ్వు చెప్పొచ్చావా?"

"మరి నేను పోసినవాటిలో..."

"ఇక వెళ్లు. గదంతా నీచు కంపు."

ట్రీస భుజం మీది తువాలుతో కళ్లు తుడుచుకుని మెట్లు దిగింది. ఆమె గేటు దాటకముందే విశ్వంభరన్ నివేదిక పంపేశాడు. నిషేధం పొడిగించనక్కరలేదు. బోట్ల యజమానులు ఫోన్ చేసి మరీ పొగిడారు. వెధవ రాద్ధాంతం ఒకటి వదిలిందనుకుంటూ భోజనానికి ఇంటికెళ్లాడు.

ఏడో నెల గర్భిణి అయిన భార్య సుమంగల ఆయాసపడుతూనే వడ్డించింది. ఎర్రన్నం, మజ్జిగ పులుసు, పక్కన మిరియాలు దట్టించి వేయించిన మత్తి గుడ్లు. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. రెండు ముద్దలు తిన్నాక అడిగాడు.

"ఇవెక్కడివి?"

"మంగళవారం మంగళవారం మీరు స్నానానికెళ్లగానే వరండాలోని మీ బుట్టలోంచి కడుపు ఉబ్బినవన్నీ ఏరేస్తున్నానుగా, ఇన్నాళ్లూ నా ఒక్కదాని నోటికే సరిపోయేవి, ఇవాళ మరీ ఎక్కువుంటేనూ మీకూ వేయించాను!" అంది సుమంగల.