బిగిసిన పియానో

"ఇది వాయించే వస్తువు కాదమ్మా," అన్నాడు పియానో మెకానిక్.

తీగ చుట్టిన ఇనుప పిన్నును పానాతో తిప్పితే తిరుగుతోంది గానీ, చెయ్యి తియ్యగానే నీరసంగా వెనక్కి వచ్చేస్తోంది. లోపలున్న పిన్నులన్నిటిదీ అదే తంతు. అవి దిగిన చెక్క ఎండిపోయి రంధ్రాలు వదులయ్యాయి. తీగలు జారీ జారీ, ఇక జారే ఓపిక కూడా లేక ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఏ మీట నొక్కినా దాని స్వరం తప్ప మరేదో పలుకుతోంది.

ఆ ఇంటి కోడలు ఒప్పుకోలేదు. దీనిమీద అత్తగారు రోజూ సాయంత్రం వాయిస్తారనీ, మెట్లెక్కేవాళ్లు చేతిలో సంచులు కిందపెట్టి మరీ వింటారనీ చెప్పింది. మెకానిక్ మర్యాదకి తలూపాడు. అత్తగారిని ఇంతగా పొగిడే కోడలు కనపడటమే అతనికి వింతగా ఉంది.

అత్తగారు వాళ్ల అక్కగారింటికి వెళ్లారు. సాయంత్రానికి వచ్చేస్తారు. ఆ పియానోమీద ఈగను కూడా వాలనివ్వరు. మామగారు పోయాక ఆవిడ మనసు విప్పుకునేది దాని దగ్గరే. నిన్న దుమ్ము తుడుస్తుంటే ఒక పిన్ను కోడలి వేళ్లకే కదిలింది. పియానో మూగబోతే ఆవిడ ఏమైపోతారోనని బెంగపడి, ఎవరికీ చెప్పకుండా మెకానిక్‌ని పిలిచింది.

"బాగవుతుందా, అవదా? అది చెప్పండి."

"జిగురు వేస్తాను, చెక్క దాన్ని పట్టుకుంటే అవుతుంది. పట్టుకోకపోతే మాత్రం నన్ను తిట్టుకోకండి."

కింది వాటావాళ్లను సాయం పిలిచి పియానోను వెల్లకిలా పడుకోబెట్టారు. మెకానిక్ ఒక్కో పిన్ను మొదట్లో నీళ్లంత పల్చటి జిగురు చుక్కలు వేశాడు. వేసింది వేసినట్టే ఇంకిపోయింది. మళ్లీ వేశాడు. ఆరాక లేపి నిలబెట్టి, పానా తగిలించి తిప్పాడు. పిన్ను కిర్రుమంది. ఊపిరి బిగబట్టి చెయ్యి తీశాడు. అది కదల్లేదు.

ఆ తర్వాత అన్నం మాట కూడా మర్చిపోయి, లాగిన తీగనే మళ్లీ మళ్లీ లాగుతూ శ్రుతి చేశాడు. పని అయ్యాక ఒక మీట నొక్కాడు. ఆ నాదం గదంతా నిండి, కిటికీ అద్దాన్ని సన్నగా వణికించింది. కోడలికి ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్లూ ఈ గొంతు ఇందులోనే ఉందా అనుకుంది.

అత్తగారు వచ్చారు. పరాయి మనిషిని చూసి, కోడలి మొహం చూసి, ఏమీ అడక్కుండానే పియానో ముందు కూర్చుని వాయించడం మొదలుపెట్టారు.

డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టుంది. పాటా లేదు, పాడూ లేదు. ఆవిడ ఆగి, తన చేతులకేసి చూసుకున్నారు. కోడలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మెకానిక్ గబగబా వచ్చి మీటలన్నీ వరసగా నొక్కి చూపించాడు.

"చూడండమ్మగారూ, ఏ స్వరం దాని చోట అదే ఉంది."

"అదే కదా నాయనా వచ్చిన చిక్కు," అన్నారావిడ.

శ్రుతి ఎప్పుడూ మామగారే చూసేవారట. ఆయన పోయాక దానిమీద ఇంకొకరి చెయ్యి పడనివ్వడానికి ఆవిడకి మనసొప్పలేదు. ఒక్కో తీగా జారుతుంటే, ఏ స్వరం ఏ మీటలోకి పోయిందో వెతుక్కుంటూ వాయించారు. ఈ స్వరం కుడివైపు రెండో మీటలోకి వచ్చింది, దీని పక్కది ఇంకా అవతలికి పోయింది అంటూ, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తడుముకోకుండా చెప్పుకుపోయారు.

 మెకానిక్ పియానో నేర్చినవాళ్లను చాలామందినే చూశాడు గానీ, పాడైన పియానోను పాడైనట్టే నేర్చుకున్న మనిషిని ఎన్నడూ చూడలేదు. తనకు తెలిసిన సంగీతమంతా ఆవిడ ముందు అతనికి చాలా చిన్నదిగా కనిపించింది.

"ఏడవకు అమ్మాయ్, నా మంచికేగా చేశావు," అని కోడలి చెయ్యి పట్టుకున్నారు అత్తగారు. "ఈ వయసులో నా వేళ్లకి కొత్త దారి ఎక్కదు. అంతే."

పిన్నులు ఇప్పుడు ఎక్కడ ఆపితే అక్కడే ఆగుతాయి. మెకానిక్ పానా తీసి మొదటి పిన్నుకి తగిలించి, పాఠం చెప్పించుకునేవాడిలా ఆవిడకేసి తిరిగాడు.

"చెప్పండమ్మా. దీన్ని ఎంత జార్చమంటారు?"