అడగకుండానే రాసిన అమ్మ ముచ్చట

తల్లిని స్వయంగా అడిగి ఆమె జీవితం రాయాలని, ఏఐతో కల్పించొద్దని యూనివర్సిటీ సార్లు నవ్యకు గట్టిగా చెప్పారు. మునగాలలోని ఇంటికొచ్చి కూడా నవ్య తల్లి సుగుణను ఒక్క మాట అడగలేదు. అంతా ఫోన్‌లో ఏఐతోనే రాయించింది.

"దొరికితే పరీక్ష రాయనియ్యరు బిడ్డా," అని సుగుణ ఆ రాత్రి బుగులుపడింది.

"ఎవలకు తెలుస్తదే అమ్మా? నీ మాటల్లెక్కనే రాసింది, ఇను. 'పెద్దబిడ్డ సాగర్ కాలువలో పడి సచ్చిపోయింది. చిన్నదానికి చెప్పలే.' సూడు, లేని అక్కను పుట్టిచ్చింది!"

హైవే మీద లారీల మోత ఒక్కసారిగా ఆగిపోయింది. మిర్యాలగూడ విడిచొచ్చిన ఇరవై ఏళ్లలో ఆ సంగతి సుగుణ పెదవి దాటలేదు.

"'కాలు జారిందని అందరికి చెప్పిన, గానీ...' గీడ ఆగింది. మిగిలింది అడగాల్నా?"

"దాన్నడగకు. నన్నడుగు బిడ్డా," అనేలోపే నవ్య వేలు ఫోన్ తెరను నొక్కేసింది.