ఇసుక మీద టైరు గీత

"ఎవరు తొక్కారు?"

దువార్తె సారు డ్రైవర్ పెంచలయ్యను హిందీలో అడిగాడు. వేలితో నేల వైపు చూపించాడు. అరబ్బు దేశంలో, అల్ ఖువైర్‌లోని ఆ విల్లా వెనక వాకిట్లో, ఇసుక మీద టైరు గీత ఒకటి నీళ్ల ట్యాంకు చుట్టూ తిరిగి, షెడ్డులో ఉన్న సైకిలు దగ్గర ఆగింది.

అది 1993 మార్చి. శుక్రవారం, సెలవు. పెంచలయ్య కారు తుడిచే గుడ్డ భుజాన వేసుకుని వచ్చాడు.

"నేను కాదు సార్."

"ఈ ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను కాదు. వంట చేసే కాశమ్మ చీర కట్టుకుంటుంది. ఇక మిగిలిందెవరు?"

పెంచలయ్య సైకిలు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"సీటు చూడండి సార్. షాపువాడు చుట్టిన ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. నేనెక్కితే అది మిగిలేదా?"

సారు వంగి చూశాడు. కవరు మడత కూడా పోలేదు. సీటు మీద ఎవరూ కూర్చోలేదు. సైకిలు మాత్రం తిరిగింది.

ఆయన రోడ్ల ఇంజనీరు. పోర్చుగల్ దేశస్థుడు. భోజనాల గదిలో గోడకు తన దేశం మ్యాపు అంటించాడు. పల్లెల మీదుగా పోయే రోడ్లకు ఎర్ర పెన్సిలుతో గీతలు గీశాడు. సాయంత్రం టీ తాగుతూ ఆ గీతల మీద వేలు నడిపిస్తాడు. ఎవొరాలో బయలుదేరాలి. మొన్సరాజ్ దగ్గర ఎత్తు ఎక్కాలి. ఆ తర్వాత సీసా బిరడాలు చేసే చెట్ల నీడ. మెర్తోలాలో నది. జూన్‌లో లీవు దొరుకుతుంది. కూతురితో కలిసి ఆ దారంతా సైకిలు మీద పోవాలని ఆయన ప్లాను. అందుకే రూవీ బజారులో ఈ సైకిలు కొన్నాడు.

"నిజం చెప్పు. లేదంటే రేపు ఆఫీసులో నీ వీసా సంగతి మాట్లాడతాను."

వీసా అన్న మాటకు తర్జుమా అక్కర్లేదు. వంటింటి తలుపు దగ్గర ఉన్న కాశమ్మ బయటికొచ్చింది. చేతులకు చపాతీ పిండి ఉంది.

"పెంచలన్నా, నేనే తొక్కినా అని చెప్పు."

"నువ్వా? నీ ఎత్తుకు సీటు అందుతాదా?"

"సీటెవురికి కావాల? కడ్డీ కిందనుంచి కాలు పెట్టి తొక్కినా. మన పక్క పిల్లోళ్లంతా అట్లనే గదా నేర్చుకునేది."

"మరి చీర?"

"గోచీ పెట్టుకున్నా. నువ్వు మార్కెట్టుకు పోయినప్పుడు."

"నన్ను ఇరికించి చపాతీలు ఒత్తుకుంటాండావా మే!" అని, ఆమె చెప్పినదంతా పెంచలయ్య సారుకు హిందీలో చెప్పాడు. కడ్డీ కిందనుంచి తొక్కడం ఎలాగో సారుకు అర్థం కాలేదు. చేసి చూపించమని చేత్తో సైగ చేశాడు.

కాశమ్మ చేతులు కడుక్కుని, చీర దోపుకుని వచ్చింది. ఎడమ చేత్తో హ్యాండిలు, కుడి చేత్తో నడిమి కడ్డీ పట్టుకుంది. కుడికాలు కడ్డీ కిందనుంచి పోనిచ్చి అవతలి పెడలు మీద పెట్టింది. సైకిలు ఒక పక్కకు, తను ఒక పక్కకు వంగి ట్యాంకు చుట్టూ తిరిగి వచ్చి ఆగింది.

సారు కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. ప్రశ్నలు మొదలుపెట్టాడు. పెంచలయ్య ఒక్కొక్కటే తెలుగులోకి తిప్పాడు.

"ఎందుకు తొక్కినావంట?"

"దినామూ ఆ మ్యాపు మీద యేలు పెట్టి తిప్పుతాంటే నా కాళ్లు ఊరుకోలేదన్నా. ఎన్నాళ్లని టీ మోసుకుంటా చూసేది?"

"ఎవురు నేర్పినారు?"

"మా యన్న."

"ఎన్ని దినాలు పట్టింది?"

"ఒక ఎండకాలం."

"పడినావా?"

"పడకుండా ఎట్లొస్తాది? మోచేతులు చూడమను."

పెంచలయ్య గొంతు తగ్గించాడు. "అట్ల ఒప్పుకోవద్దు మే. పడినానంటివంటే సైకిలు చెడగొట్టినావంటాడు. ఆయప్ప కేసు గట్టిగా కడతాండాడు."

"అయితే దీని మీదనుంచి పడలేదని చెప్పు."

"ఒక్కసారి కూడానా?" అన్నాడు సారు.

"ఒక్కసారి కూడా లేదు సార్."

సారు తలూపి లోపలికి వెళ్లాడు.

"నీ పాసుపోర్టు తెచ్చేదానికి పోయినాడు" అన్నాడు పెంచలయ్య.

కాశమ్మ సైకిలును గోడకు ఆనించి కొంగుతో కడ్డీ తుడిచింది. "ఊరికన్నా పోతాగానీ, ముందు పనిజేసిన ఇంటికి పోనని చెప్పన్నా. ఆడ గడప దాటనీలేదు. ఈడ ఆకాశమన్నా చూస్తాండా."

"చూస్తాంటివి గదా, సైకిలెక్కి దాన్ని పట్టుకోవాలనుకుంటివా?"

ఆమె బదులు చెప్పేలోగా సారు వచ్చాడు. చేతుల్లో ఏమీ లేదు. పక్క విల్లా మేడ వైపు చూశాడు. గేటు వేసి రమ్మని పెంచలయ్యను పంపాడు. వేసి వచ్చాక దగ్గరికి పిలిచి ఏదో మెల్లగా అన్నాడు. పెంచలయ్య మళ్లీ చెప్పమన్నాడు. సారు చెవులు ఎర్రబడ్డాయి. అదే మాట మళ్లీ చెప్పాడు.

"టికెట్టు ఎప్పటికంటన్నా?" అంది కాశమ్మ.

పెంచలయ్య భుజం మీది గుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"టికెట్టు లేదు, గికెట్టు లేదు. తను పడిపోకుండా నువ్వు ఎనక పట్టుకోని పరిగెత్తగలవా అని అడగతాండాడు."