వెనకాల పరుగెత్తే మనిషి

వెనక అడుగుల చప్పుడు.

క్లెమాన్స్ పరుగు ఆపింది. చప్పుడూ ఆగింది.

తిరిగి చూస్తే కాలువ గట్టు మీద అదే మనిషి. అరవైకి దగ్గరపడ్డ వయసు, నెరిసిన గడ్డం. వంగి బూటు లేసు కట్టుకుంటున్నట్టు నటిస్తున్నాడు.

నిన్న పాత పిండిమర దారిలోనూ వీడే. మొన్న ద్రాక్షతోటల వెంబడీ వీడే. ఆమె దారి మార్చినప్పుడల్లా వీడూ మారుస్తున్నాడు.

"ఏం కావాలి నీకు?" అని అరిచింది.

"ఏమీ వద్దమ్మా. మీ పరుగు మీరు పరుగెత్తండి. నేను దూరంగానే ఉంటాను."

దూరంగానే ఉంటాడట! ఆమె పరుగందుకుంది. ఇల్లు చేరేదాకా మళ్లీ ఆగలేదు.

అన్న లోయిక్ షెడ్డులో ట్రాక్టరు కింద పడుకుని ఉన్నాడు. విషయం వినగానే బయటికి జరిగి లేచాడు.

"కాలువ లాకుల దగ్గర ఇల్లు అద్దెకు తీసుకున్నాడే, ఆ కొత్తోడేనా?"

"వాడే."

"రొట్టెల కొట్లో కూడా తలెత్తి చూడడు వెధవ! ముట్టుకున్నాడా?"

"లేదు."

"ముట్టుకునేదాకా ఆగుదామా మరి?"

మూలనున్న పారకున్న కర్రను ఊడదీశాడు. క్లెమాన్స్ వద్దనలేదు.

"మళ్లీ ఈ దారి తొక్కకుండా చెయ్యి," అంది.

మర్నాడు పొద్దున ఆమె ఎప్పటిలాగే పరుగు మొదలుపెట్టింది. వెనక అడుగులూ మొదలయ్యాయి.

ముళ్లపొదల మలుపులో లోయిక్, వాడి స్నేహితుడు ఫాబియెన్ కాచుకుని ఉన్నారు.

మొదటి దెబ్బ మోకాలి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు మలుపు దాటిన క్లెమాన్స్‌కు కూడా వినిపించింది.

"ఆడపిల్లల వెంట పడతావా, ముసలి నక్కా!"

"నేను..."

ఫాబియెన్ పిడికిలి ఆ మాటను నోట్లోనే నొక్కేసింది. రెండు పళ్లు రాలాయి.

అతను తిరగబడలేదు. మొహానికి చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు.

"పోలీసుల దగ్గరికి పోతావా? పో! ఎందుకు వెంటపడ్డావో వాళ్లకే చెప్పు!"

"పోను." నోట్లో రక్తం ఉమ్మేసి తల పైకెత్తాడు. "మీ కోపంలో న్యాయం ఉంది బాబూ. ఆ అమ్మాయిని మాత్రం ఒంటరిగా పంపకండి."

"ఓహో, బెదిరింపా?"

లోయిక్ బూటు అతని పక్కటెముకల్లో దిగింది.

లాకుల దాకా అతను మోచేతుల మీద పాక్కుంటూ వెళ్లాడు. ఎవరూ లేవనెత్తలేదు. ఆ సాయంత్రం కెఫేలో ఊరివాళ్లు లోయిక్ భుజం తట్టి వైను పోయించారు.

ఆ తర్వాత వెనక అడుగులు లేవు. అతను చంకకర్ర పక్కన పెట్టుకుని గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. అటు వచ్చినప్పుడల్లా క్లెమాన్స్ మొహం తిప్పుకునేది.

మొక్కజొన్న మనిషెత్తు పెరిగింది.

ఆ రోజు లాకులు దాటి చేల మధ్యకు వచ్చేసరికి ఒక తెల్ల వ్యాను ఆమెను దాటి వెళ్లి ఆగింది. పనిబట్టల్లో ఉన్న కుర్రాడు దిగాడు.

"దారి తప్పానండీ. మెయిన్ రోడ్డు ఎటు?"

ఆమె చెయ్యి చాపి చూపించింది. ఆ చేతినే పట్టి లాగాడు.

క్లెమాన్స్ కొరికింది, గోళ్లతో రక్కింది. వాడు ఆమె తలను వ్యాను తలుపుకేసి కొట్టాడు. కళ్లు బైర్లు కమ్మాయి. జుట్టు పట్టి చేలోకి ఈడ్చుకుపోయాడు. గొంతు మీద మోకాలు. కేక పెడదామంటే ఊపిరి అందడం లేదు.

అప్పుడు ఎవరో రొప్పుతూ వస్తున్న చప్పుడు.

చంకకర్ర వాడి వీపు మీద విరిగింది. వాడు పక్కకు దొర్లాడు. లేచేసరికి చేతిలో కత్తి ఉంది.

ముసలాయన వెనక్కి తగ్గలేదు. కుంటుతూ ఎదురెళ్లి వాణ్ని రెండు చేతులతో చుట్టేశాడు. కత్తి ఆయన కడుపులోకి దిగింది. బయటికొచ్చి మళ్లీ దిగింది. పట్టు సడలలేదు. ఇద్దరూ కింద పడ్డారు, వాడు అడుగున.

"పరుగెత్తమ్మా! వెనక్కి చూడకు!"

ఆమె పరుగెత్తింది.

లోయిక్ ఊరివాళ్లతో వచ్చేసరికి ముసలాయన ప్రాణం పోయింది. ఆ బరువు కింద కుర్రాడు ఇంకా గింజుకుంటున్నాడు. వాణ్ని పోలీసులకు అప్పగించాలంటే ముందు ఆయన వేళ్లు విడదీయాల్సి వచ్చింది. ఆ పని లోయిక్ చేశాడు, ఏడుస్తూ.

అంత్యక్రియలకు ఊరంతా వచ్చింది. లోయిక్ మాత్రం చర్చి గడప దాటలేకపోయాడు.

ముసలాయన భార్య బస్సు దిగి ఒంటరిగా వచ్చింది. క్లెమాన్స్ ఆవిడ చేతులు పట్టుకుంది.

"మదాం, ఆయన్ని కొట్టించింది నేనే."

"తెలుసు. ఫోన్లో చెప్పాడు. ఎవరి మీదా కోపం లేదన్నాడు."

"ముక్కూ మొహం తెలియని నా కోసం ఎందుకిలా... మీ అమ్మాయికి ఏమైనా జరిగిందా?"

ఆవిడ శవపేటిక వైపు చూసింది.

"మాకు అమ్మాయిలు లేరు," అంది నెమ్మదిగా. "ఉన్నది ఒక్కడే కొడుకు. మా ఊళ్లో ఇలాగే పొద్దున్నే పరుగెత్తుతున్న ఓ పిల్లను చంపి జైల్లో ఉన్నాడు."