ఎర్రమూత సీసా

"మూడోది కూడా మేత ముట్టలేదండీ," అంది టెక్నీషియన్.

"ఏ మూత?" డాక్టరు కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఎరుపేనండీ."

పెంపుడు కుందేళ్ళకు కొత్త టీకా అది. దుకాణాలకు పంపేముందు దానివల్ల హాని లేదని తేల్చాలి. పన్నెండు కుందేళ్ళలో ఆరింటికి ఎర్రమూత సీసాలోది, ఆరింటికి నీలంమూత సీసాలోది రెండు విడతలుగా వేశారు. ఒకదానిలో టీకా, మరొకదానిలో ఉప్పునీళ్ళు. ఏది ఏదో చెప్పే కాగితం సీలు వేసిన కవరులో, డాక్టరు బీరువాలో ఉంది. నీలంమూతవి గంతులేస్తున్నాయి. ఎర్రమూతవి ఒక్కొక్కటే మూలకు ఒదుగుతున్నాయి.

"కొంప మునిగిందమ్మా. రెండేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది," అన్నాడాయన. "అవతల ఊరంతా కుందేళ్ళ జబ్బు. టీకా పడకపోతే నాలుగు రోజుల్లో బోను ఖాళీ! బట్టల మీద కూడా మోసుకొస్తారు. అందుకే కదా, ఇంట్లో కుందేలున్నవాళ్ళు ఈ గదిలోకి రావద్దని నెత్తీనోరూ కొట్టుకునేది. నీకా బాధ లేదులే."

"లేదండీ."

పనిలో చేరిన రోజు ఆ మాటే రాసి సంతకం పెట్టింది.

ఇంట్లో కుందేలుంది. కూతురికోసం భర్త తెచ్చాడు. తెచ్చిన నెలకే ఆయన పోయాడు. ఆ తర్వాత పిల్ల నోరు విప్పి మాట్లాడేది దానితోనే.

మొన్న, రెండో విడత వేసిన మర్నాడు, ఎర్రమూత కుందేళ్ళకు ఒళ్ళు కాస్త వెచ్చబడింది. టీకా ఒంటికి పడితే అలాగే ఉంటుందనుకుంది ఆమె. సీసా అడుగున మిగిలినదాన్ని సిరంజిలోకి లాగి, సంచిలో దాచి ఇంటికి తీసుకెళ్ళింది. పిల్ల చూడకుండా సూది వేసింది. చేతులారా.

ఫోను మోగింది.

"అమ్మా, బుజ్జిగాడు క్యారెట్ వద్దంటున్నాడే. చెవులు కాలిపోతున్నాయి."

"పడుకోనీ తల్లీ. తొందరగా వచ్చేస్తా."

"వీడు కూడా పోతాడా?"

ఆమె ఫోను పెట్టేసింది.

"ఎవరమ్మా?" అన్నాడు డాక్టరు.

"మా అమ్మాయండీ. ఇంట్లో ఒక్కతే ఉంది... డాక్టరుగారూ, టీకా వికటిస్తే విరుగుడు ఏమన్నా ఉంటుందా?"

"ఉంటే ఈ ఏడుపెందుకు?"

బోనులో ఏదో మెత్తగా పడ్డ చప్పుడైంది. నాలుగోది. ఎరుపే.

"కవరు తెరవండి," అంది ఆమె.

"గడువుకి ఇంకా పది రోజులుంది."

"మీకు దణ్ణం పెడతా, తెరవండి!"

ఆయన ఆమెను వింతగా చూశాడు. బీరువా తాళం తీశాడు. ఆమె గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఎర్రమూత సీసాలోది టీకా మాత్రం కాకూడదు. అదొక్కటీ కాకుంటే చాలు. ఇంకేం అడగను.

సీలు చిరిగింది. కాగితం విప్పిన చప్పుడు. తర్వాత, ఆశ్చర్యంగా, నవ్వు.

"బతికిపోయామమ్మా! ఎర్రమూతది ఉత్త ఉప్పునీళ్ళు. మన టీకా నిక్షేపంలా ఉంది!"

ఆమె ఊపిరి పీల్చుకోబోయింది. డాక్టరు నవ్వు సగంలో ఆగిపోయింది. ఆయన బోనుల వైపు తిరిగాడు.

"మరి జబ్బు లోపలికి ఎలా వచ్చింది?"