నిండని బాన

"ఇంకో రెండు బొంగుల నీళ్లు తీసుకురా," అన్నాడు అబుండియో, మెట్ల మీద కూర్చుని.

క్రిస్పులో భుజం మీది వెదురు బొంగులు ఇంకా దించనే లేదు. ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. కొండ మీద ఆ ఇల్లొక్కటే. ఊటేమో దిగువన ఉంది.

"పొద్దుటినుంచీ మోస్తూనే ఉన్నా కదా పెద్దయ్యా. బాన నిండిపోయింది."

"నిండితే? పిల్ల కావాలంటే చాకిరీ చెయ్యాలి. మీ నాన్న చెయ్యలేదా? నేను చెయ్యలేదా?"

చేశారు. పిల్లనడిగినవాడు ఆ ఇంట్లో చాకిరీ చెయ్యడం ఆ కొండల్లో ఆనవాయితీ. కానీ ఎవరైనా కట్టెలు కొట్టిస్తారు, వడ్లు దంచిస్తారు. ఈ మహానుభావుడికి మాత్రం ఆర్నెల్లుగా నీళ్లే కావాలి. వాన పడితేనే సెలవు. ఎండలో మాడేవాడి మీద లేని జాలి, తడిసేవాడి మీద ఎలా పుట్టుకొచ్చేదో!

దారిలో కొబ్బరిచెట్టు మీంచి కల్లుగీసే టిబూర్స్యో కేకేశాడు.

"ఏం అల్లుడూ, ఊట ఎండగట్టేస్తావా ఏంటి? నీకంటే ముందు ఇద్దరు పారిపోయారు. ముసలోడికి పిల్లనిచ్చే ఉద్దేశం ఉంటే కదా!"

క్రిస్పులోకి నవ్వు రాలేదు. నిజమేనేమో అనిపించింది. తనూ పారిపోతే? మరి ముసలాయన కూతురు ఫెలీసా?

ఇన్ని నెలల్లో ఆమెను దగ్గరగా చూసింది ఒక్కసారే. ఓ పొద్దున కిటికీలోంచి చెయ్యి చాపి, అతని నుదుటి మీది చెమటను వేలితో తాకింది. "ఎంత అదృష్టవంతుడివో," అంది. వెక్కిరిస్తోందనుకున్నాడు. అయినా ఆ వేలు మళ్లీ ఒక్కసారి తగిలితే చాలని రోజూ కొండెక్కుతున్నాడు. ఆమె తడి జుట్టు గుర్తొస్తే ప్రాణం కొట్టుకుపోయేది.

తిరిగొచ్చేసరికి బాన ఖాళీ.

"పారబోశారా పెద్దయ్యా?" అన్నాడు.

క్రిస్పులో తను తెచ్చిన నీళ్లు బానలో పోసి, ఖాళీ బొంగులు మళ్లీ భుజానేసుకున్నాడు.

"ఎక్కడికి?" అన్నాడు అబుండియో.

"నీళ్లకి. పారబోస్తే పారబోయండి. మీరు పొమ్మనేదాకా మోస్తూనే ఉంటా. ఆమె లేని చోట నేను బతకలేను."

ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. లేచి, అతని చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకెళ్లాడు.

పందిరి కింద పీట మీద ఫెలీసా కూర్చునుంది. కట్టుబట్టలతో నిలువునా తడిసిపోయి ఉంది. మొహం ఎర్రగా కందిపోయింది. తల్లి కొబ్బరి చిప్పతో ఆమె తల మీద ఆపకుండా నీళ్లు పోస్తోంది.

"పిల్ల నీదే," అన్నాడు అబుండియో. "కానీ ఎండ కాసిన ప్రతి రోజూ, నీ ఒంట్లో ఓపికున్నన్నాళ్లూ ఈ నీళ్లు నువ్వే మొయ్యాలి. ఆపితే దీని ఒళ్లు కాలిపోతుంది."

క్రిస్పులో ఆ తల్లి చేతిలోంచి చిప్ప అందుకుని ఫెలీసా తల మీద నీళ్లు పోశాడు. ఆ తర్వాతే అడిగాడు.

"జ్వరమా?"

"కాదు బాబూ," అంది తల్లి, "పుట్టిననాటినుంచీ దీనికి చెమట పట్టదు."